పాత పెయింట్ లేపడానికి ఏది మేలు: ఎమరీ పేపరా, రిమూవరా, బ్లాస్టింగా?

కారుకి కొత్త రంగు అనగానే చాలామంది నోట వచ్చే మొదటి మాట, "రేకు తేలేదాకా గీకేద్దాం." నన్నడిగితే అసలు పోటీ ఆ మూడింటి మధ్య కాదు, గీకడానికీ గీకకపోవడానికీ మధ్యే.

ఫ్యాక్టరీ పెయింట్ పొరలన్నీ కలిపినా దాదాపు 100 నుంచి 150 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటిలో అన్నిటికన్నా అడుగున ఉండేది ఈ-కోట్. బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, కరెంటు పారించి పట్టించే పొర అది. సందుల్లోకీ పెట్టె భాగాల లోపలికీ చేరుతుంది. దాన్ని గీకేశాక స్ప్రే గన్‌తో అంత బాగా మళ్ళీ పట్టించలేం. అందుకని ముందు రెండు పరీక్షలు చేయండి. కొత్త బ్లేడుతో చిన్న చిన్న గళ్ళు గీసి, టేపు గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి. తర్వాత థిన్నర్‌లో తడిపిన గుడ్డతో ఒక మూల రుద్దండి. టేపుకి ముక్కలు రాకుండా, గుడ్డకి రంగు దిగకుండా, ఎక్కడా పగుళ్ళూ బుడగలూ లేకుండా ఉంటే 320, 400 నంబరు కాగితంతో మెరుపు చంపి దానిమీదే పని మొదలుపెట్టొచ్చు. గుడ్డకి రంగు దిగిందంటే మాత్రం, కొత్త పెయింట్‌లోని థిన్నర్ కింది పొరని ముడతలు పెట్టే ప్రమాదం ఉంది. అప్పుడు లేపక తప్పదు.

లేపాల్సిందల్లా ఒకటి రెండు ప్యానెళ్ళే అయితే ఆలోచించక్కర్లేదు: డీఏ శాండర్ (గుండ్రంగా తిరుగుతూ అటూఇటూ కదిలే రుద్దుడు మెషీన్), గరుకైన 80 నంబరు కాగితం. నిదానమైన పనే. కానీ ఎక్కడ ఆపాలో మన చేతిలోనే ఉంటుంది, పాత పుట్టీ ఎక్కడ దాక్కుందో కూడా బయటపడుతుంది. డోరు మీది గీతల్లాంటి ఎత్తైన అంచులు ముందు అరిగిపోతాయి, అక్కడ మెషీన్ వదిలేసి చేత్తో రుద్దండి. గ్రైండర్ జోలికి మాత్రం పోవద్దు, ఒకేచోట కాసేపు ఆనిస్తే రేకు వేడెక్కి అలలు తేలుతుంది. మరీ పాత బండ్ల పెయింట్‌లో సీసం ఉండొచ్చు కాబట్టి దుమ్ముకి తగ్గ మాస్కు లేనిదే మొదలుపెట్టకండి.

రిమూవర్ పని చూడముచ్చటగా ఉంటుంది. పైపొరని కాస్త గరుకు చేసి, మందంగా పూసి, ఆరిపోకుండా పాలిథీన్ కప్పితే పొరలు పొరలుగా ఉబ్బి లేస్తాయి. పాత రకాల్లో చురుకైన సరుకు మిథిలీన్ క్లోరైడ్. పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. అమెరికాలో 2019లో దాన్ని పెయింట్ రిమూవర్‌గా మామూలు జనానికి అమ్మడం నిషేధించారు. బెంజైల్ ఆల్కహాల్ రకాలు అంతకన్నా నయం, కాకపోతే గంటల తరబడి ఓపిక పట్టాలి. ఏ రకమైనా ఫైబర్ భాగాలకీ, ప్లాస్టిక్ బంపర్లకీ దూరంగా ఉంచాలి.

రిమూవర్‌తో అసలు చిక్కు వాసన కాదు, మడతలు. ఒకసారి డోరు అడుగంచు దాకా ధారాళంగా పూసేశాను. కడిగాను, ఆరబెట్టాను, రంగు వేశాను, అద్దంలా వచ్చింది. కొన్ని వారాలకి రేకు మడతలో మిగిలిపోయిన రిమూవర్ మెల్లగా బయటికి ఊరి, ఆ అంచు పొడుగునా కొత్త రంగుని బుడగలు లేపింది. ఇప్పుడు ప్రతి అంచుకీ రెండు వేళ్ళ వెడల్పున మాస్కింగ్ టేపు వేసి, ఆ పట్టీని ఎమరీతోనే తీస్తున్నాను.

బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో రేణువుల్ని చిమ్మి పెయింట్ రాల్చడం, అన్నిటికన్నా వేగం, అన్నిటికన్నా మొండి. బయటి ప్యానెళ్ళ రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గట్టి రేణువులు తగిలినప్పుడల్లా దాని పైముఖం సాగుతుంది. చివరికి బానెట్ నొక్కితే డబ్బా మూతలా టకటకమంటుంది, దాన్ని మళ్ళీ సరిచేయడం మహా కష్టం. వంటసోడా లాంటి మెత్తటి పొడితో చేసే సోడా బ్లాస్టింగ్ రేకుని వంచదు గానీ తుప్పునీ తీయదు. దాని పొడి మిగిలితే ప్రైమర్ సరిగ్గా పట్టదు. ఇసుకతో అయితే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. ఛాసిస్, బ్రాకెట్లు, స్టీల్ రిమ్ముల్లాంటి మందపాటి సామానుకి, గుంతలు పడ్డ తుప్పుకి మాత్రం బ్లాస్టింగ్‌కి సాటి లేదు.

కాబట్టి పూర్తి బండి అయితే నా లెక్క ఇది: రూఫు, బానెట్, డోర్ల నడిమి భాగాలకి రిమూవర్, అంచులకీ మూలలకీ శాండర్, కింది మందపాటి భాగాలకి బ్లాస్టింగ్. మొత్తం బండిని ఒకేసారి బోడి చేయకండి. గాలిలో తేమ ఉంటే రేకు మీద తుప్పు పొర రావడానికి కొన్ని గంటలు చాలు, చెమట చెయ్యి తగిలినా మరక పడుతుంది. సాయంత్రంలోగా ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా రేకు మీద వేసే అడుగు పొర) కొట్టగలిగినంత భాగమే పొద్దున లేపండి.