"పేపర్ లేదన్నా" అంటే నమ్మొద్దు: పాత హెచ్‌పీ-85 కొనేటోళ్లు జర సూడుండ్రి

పాత హెచ్‌పీ-85 కోసం తిరుగుతున్నోళ్లు ఇది చదివినంకనే పైసలియ్యుండ్రి. గదే, 1980 జనవరిల వచ్చిన హెచ్‌పీ కంపెనీ కంప్యూటరు, చిన్న స్క్రీను, క్యాసెట్ లెక్క టేపు, ప్రింటరు అన్నీ ఒక్క డబ్బాలనే ఉంటయి. నేను నల్లగొండల పొద్దుగాల బస్సెక్కి హైదరాబాద్ పోయి 14 వేలు పెట్టి తెచ్చుకున్న, స్క్రీన్ మంచిగొచ్చింది, కీబోర్డ్ పనిచేస్తుంది, ప్రింటర్ సంగతేంది తమ్మీ అంటే "ప్రింటర్ ఓకే అన్నా, పేపరే లేదు, గది ఇప్పుడు దొరకది" అన్నడు అమ్మేటాయన. నేను తలకాయ ఊపిన. గాడనే దెబ్బతిన్న.

పేపర్ కష్టమే, నిజమే. దాని వెడల్పు 108 మిల్లీమీటర్లు, దుకాణాల బిల్లు రోలేమో 57 లేకుంటే 80. కానీ ఫ్యాక్స్ రోల్ (గదీ వేడికి నల్లగయ్యే కాగితమే) బ్లేడుతోని కోసుకుంటే సరిపాయె, క్లాక్ టవర్ కాడ జిరాక్స్ ఆయన దగ్గర ఒకటి మూలకు పడి ఉంటే 50కి ఇచ్చిండు. ఫస్ట్ ఏం పడలే, రోల్ తిరగేసి పెట్టిన (గోరుతోని గీకితే నల్లగయ్యే దిక్కు అచ్చుకొట్టే హెడ్ వైపు ఉండాలె, నవ్వకుండ్రి). సరిగ్గ పెట్టి, స్క్రీన్ నిండ 8లు కొట్టి కాపీ బటన్ (స్క్రీన్ మీదున్నది అచ్చేసేది) నొక్కితే ప్రింటయితే అయింది గానీ ప్రతి 8లో ఒకటే జాగల తెల్లగీత, ఈ కొస నుంచి ఆ కొస దాక.

ఈ హెడ్ అటూ ఇటూ ఉరుక్కుంట చిన్న చిన్న చుక్కల్ని వేడిచేసి అక్షరం గీస్తది, ఒక్క చుక్క సచ్చినా గిట్లనే గీత పడ్తది. హెడ్ పోయిందనుకొని విప్పి మల్టీమీటర్ పెడ్తే హెడ్ కాడ అన్నీ బరాబర్, హెడ్‌కు పోయే కేబుల్ ఇవతలి కొసకు ఒక లైను ఓపెన్, అంటే మధ్యల తెగింది. టార్చి కొట్టి చూస్తే ఆ పల్చటి కేబుల్ మడత కాడ చినిగింది, మీద అంటించిన నల్ల టేపు. లోపలంత ఏళ్ల దుమ్ము, టేపు మాత్రం కొత్తగ మెరుస్తుంది! తెలిసే అమ్మిండు. సోల్డర్ పెడ్తే కేబుల్ మీది రాగి గీత లేసొచ్చింది, ఇప్పుడు రెండు గీతలు, గది నా తెలివి.

ఫోన్ చేస్తే "చూసుకొనే కొన్నరు కద సార్" అన్నడు. అన్నను సార్‌ను చేసిండు.

పోయేటప్పుడు ఫ్యాక్స్ పేపర్ 108కి కోసి మూరెడు ముక్క జేబుల పెట్టుకొని పోండ్రి, ఆయన ముంగటనే 8లు కొట్టి కాపీ నొక్కుండ్రి. ప్లగ్గు పెట్టకముందే ఎనక వోల్టేజ్ సెలెక్టర్ చూడుండ్రి, అమెరికా పీస్ అయితే 115 వోల్టుల మీద ఉంటది. టేప్ డ్రైవ్ రబ్బరు రోలర్ కరిగి తారు లెక్కయితది, గది వీటికి మామూలే, బేరానికి పనికొస్తది.

ఎవరి కాడన్న ఖరాబైన 85 ఉంటే చెప్పుండ్రి, నాకు ఆ కేబుల్ ఒక్కటి చాలు, మిర్యాలగూడ అయినా సూర్యాపేట అయినా బండి మీద నేనే వస్త.