విశాఖ ఆర్కే బీచ్ సాయంత్రపు బళ్లు: ఏది తిండి, ఏది జంక్?

ముందే మార్కులు చెప్పేస్తాం. మురీ (మరమరాల) మిక్చర్ బండికి పదికి ఎనిమిది. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తుకి తొమ్మిది. బజ్జీల బండికి ఐదు, అదీ మూకుడులో నూనె చూసుకున్నాకే. చెరకురసానికి మూడు. ఇంటికొచ్చి టీలో ముంచుకునే బిస్కట్ ప్యాకెట్‌కి రెండు. బీచ్‌లో దొరకని బిస్కట్‌ని ఈ లెక్కలోకి ఎందుకు లాగామంటే, ఈ ఊళ్లో చాలా ఇళ్లలో బండి మీది మురీని జంక్ అని తిట్టి, ఆ ప్యాకెట్‌ని మాత్రం పిల్లల చేతిలో పెడుతున్నారు కాబట్టి.

రోడ్డు మీద అమ్మితే చెడ్డది, సీలు వేసి వస్తే మంచిది అనే కొలత శుభ్రత విషయంలో కొంతవరకు పనికొస్తుంది. పోషణ విషయంలో అస్సలు పనికిరాదు. నూనె, పంచదార, ఉప్పు దండిగా ఉండి, పీచు, మాంసకృత్తులు నామమాత్రంగా ఉంటే అది జంక్. ఎక్కడ అమ్మారన్నది తర్వాతి మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం, రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు 85, గింజలు 35, నూనె 27 గ్రాములు. ఉప్పు అన్నిటిలోనూ కలిపి 5 గ్రాములు దాటకూడదు. పంచదార 25 గ్రాముల లోపు ఉంటే మేలు, అంటే ఐదారు చెంచాలు. ఈ తూకం గుర్తుంచుకుంటే ఏ బండి దగ్గరైనా నిర్ణయం సులువవుతుంది.

మురీ మిక్చర్‌తో మొదలుపెడదాం. ఒక మామూలు పొట్లంలో మురీ 30 గ్రాములకి మించదు. చూడ్డానికి కొండంత కనిపించినా తూకానికి అంతే, కేలరీలు నూరు పైచిలుకు. దాన్లో గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు, ఒక 20 గ్రాములు పడితే ఇంకో నూట పదిహేను. ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, నిమ్మరసం లెక్కకి రానంత తక్కువ. చెంచా నూనె వేస్తే 45. మొత్తం రెండు వందల అరవై, డెబ్భై కేలరీలు, ఏడు గ్రాముల దాకా మాంసకృత్తులు, కొంత పీచు. సాయంత్రం ఆకలికి ఇంతకన్నా తేలికైనది బీచ్ రోడ్డు మీద మొక్కజొన్న ఒక్కటే. ఒట్టి మురీ మాత్రం వద్దు. అది ఉబ్బిన బియ్యమే, ఇట్టే అరిగిపోయి రక్తంలో చక్కెరని గబుక్కున పెంచుతుంది. వేరుశనగ గుళ్లు, ఉల్లి, టమాటా పడ్డాకే ఆ వేగం తగ్గుతుంది. మధుమేహం ఉన్నవాళ్లు మురీ సగానికి తగ్గించి గుళ్లు రెట్టింపు వేయించుకోవాలి.

రెండు మార్కులు ఎక్కడ పోయాయంటే, ఒకటి ఉప్పు దగ్గర. మురీని వేడి ఇసుకలో వేయించే ముందే బియ్యానికి ఉప్పు పట్టిస్తారు. అంటే డబ్బాలో ఉన్న మురీలోనే ఉప్పు ఉంది. బండి దగ్గర మళ్లీ ఉప్పు చల్లి, ఉప్పూ కారం కలిపిన మసాలా పొడి వేసి, పైన కారబ్బూందీ, సన్నకారప్పూస వేస్తే మొత్తం నాలుగుసార్లు ఉప్పు పడ్డట్టు. "ఉప్పు వేయకండి, నిమ్మకాయ గట్టిగా పిండండి, కారప్పూస బదులు గుళ్లు ఎక్కువ వేయండి" అంటే ఏ బండివాళ్లూ కాదనరు. నిమ్మ పులుపు ముందు ఉప్పు తగ్గిన సంగతి నాలుకకి తెలియదు. రెండో మార్కు సముద్రపు గాలి వల్ల పోయింది. ఈ తేమలో మురీ కొద్ది నిమిషాల్లోనే మెత్తబడుతుంది. మూత తీసిపెట్టిన డబ్బాలోంచి తీస్తే కలపకముందే సాగుతుంది. నోట్లో వేసుకోగానే కరకరమనాలి. వేరుశనగ గుళ్లు కూడా ఈ తేమలో పాడవుతాయి. పాతనూనె వాసన వచ్చినా, చేదు తగిలినా, నల్లగా ముడుచుకుపోయి ఉన్నా ఉమ్మేయడమే. బూజు పట్టిన గుళ్లలో ఉండే విషం వేయించినా పూర్తిగా పోదు. తరిగిన ఉల్లి, టమాటా మూత కింద ఉన్నాయా లేదా అన్నది కూడా చూసుకోవాలి. వానాకాలంలో అయితే మన కళ్ల ముందు తరిగినవే వేయించుకోవడం మంచిది.

ఇక బజ్జీల బండి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మంచి బజ్జీకీ చెడ్డ బజ్జీకీ మధ్య ఉన్న తేడా అంతా మూకుడులోనే ఉంది. శనగపిండి మంచి పదార్థం, మాంసకృత్తులున్న పిండి. మిరపకాయలో తప్పు లేదు. వాము అరుగుదలకి మంచిదే. కష్టమంతా నూనెతోనే. మిరపకాయ బజ్జీ ఒకటి 50 గ్రాములు తూగుతుందనుకుందాం. దాని బరువులో పదో వంతు నూనె పీల్చుకున్నా నాలుగు బజ్జీల ప్లేటులో 20 గ్రాముల నూనె. రోజు మొత్తానికి ఉన్నది 27. మధ్యాహ్నం కూర, పోపు, ఇంట్లో ఊరగాయ ఇవన్నీ అప్పటికే లోపల పడి ఉన్నాయి. అందుకే రెండు బజ్జీలు అయితే చిరుతిండి, నాలుగు అయితే జంక్.

పదో వంతు అన్నది నూనె సరిగ్గా కాగినప్పటి మాట. 170 నుంచి 180 డిగ్రీల మధ్య కాగిన నూనెలో పిండి వేయగానే పైపొర గట్టిపడుతుంది, లోపలి నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంది, ఆ తోపుడు ఉన్నంతసేపు నూనె లోపలికి పోలేదు. బీచ్‌లో గాలికి పొయ్యి మంట ఒక పక్కకి వాలిపోతుంది, నూనె వేడి తగ్గుతుంది, అప్పుడు బజ్జీ నూనె తాగేస్తుంది. మూడు పక్కలా రేకు అడ్డం పెట్టుకున్న బండి కనబడితే అక్కడే తినండి. గుంపు ఎక్కువైందని ఒకేసారి పదిహేను బజ్జీలు వేసే చోట కూడా ఇదే జరుగుతుంది. పిండి చుక్క వేస్తే వెంటనే పైకి తేలి బుడబుడమనాలి. అడుగున ఒక్క క్షణం కూర్చుందంటే నూనె ఇంకా కాగలేదన్నమాట.

వంటసోడా రెండో దొంగ. బజ్జీని మధ్యకి విరిచి చూడండి. లోపల పెద్దపెద్ద బొక్కలు, వాటి గోడల మీద నూనె మెరుపు ఉంటే సోడా ఎక్కువైంది. రంగు కూడా బంగారు పసుపు దాటి ఎరుపు తిరుగుతుంది, మింగాక నాలుక మీద సబ్బు చేదు మిగులుతుంది. సోడా తక్కువ వేసి, పిండిని చేత్తో బాగా గిలకొట్టి కలిపితే అంతే గుల్లగా వస్తాయి, కాకపోతే ఓపిక కావాలి. కట్ మిర్చి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వేగిన బజ్జీని ముక్కలు చేసి మళ్లీ నూనెలో వేస్తారు, కోసిన ప్రతి ముఖం మళ్లీ నూనె పీలుస్తుంది. దాన్ని వదిలేయండి. గుడ్డు బజ్జీ వీటన్నిటికన్నా నయం. గుడ్డుకి ఆరు గ్రాముల మాంసకృత్తులు, ఒకటి తింటే కడుపు నిండినట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం, నూనె వయసు. మరిగించిన కొద్దీ నూనె విరిగి హానిచేసే పదార్థాలు పోగవుతాయి. వీటిని టోటల్ పోలార్ కాంపౌండ్స్ పేరుతో కొలుస్తారు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై 1 నుంచి వాటికి 25 శాతం హద్దు పెట్టింది, అది దాటిన నూనె వంటకి వాడకూడదు. దాన్ని కొలిచే చేతి మీటర్లున్నాయి, బండి దగ్గర ఉండవు. కళ్లతోనే చూసుకోవాలి. కొత్త నూనెలో బజ్జీ వేస్తే బుడగలు పెద్దవిగా లేచి, బజ్జీ తీయగానే అణిగిపోతాయి. ముదిరిన నూనెలో సన్నటి నురుగు పరుచుకుని, బజ్జీలు తీశాక కూడా ఉండిపోతుంది. జల్లిగరిటె ఎత్తితే చుక్కలుగా రాలదు, తీగలా సాగుతుంది. మూకుడు అంచున జిగురు కట్టిన గోధుమరంగు పట్టీ ఉంటుంది. పొగ తొందరగా లేచి కళ్లు మండుతాయి. వీటిలో రెండు కనబడితే వెనక్కి తిరగండి.

"నిన్నటి నూనెలో కొత్తది కలిపాం" అనే మాటకి ఊరట పడొద్దు. పాత నూనెలోని విరిగిన పదార్థాలు కొత్త నూనెని కూడా తొందరగా పాడుచేస్తాయి. పిండి తునకలు, ఉప్పు, నీటి తడి, గాలి ఇవన్నీ ఆ పాడయ్యే వేగాన్ని పెంచేవే. తునకల్ని ఎప్పటికప్పుడు జల్లితో తీసేసి, రాత్రికి మిగిలిన నూనెని మర్నాటికి దాచకుండా ఉండే బండి దొరికితే పదిమందికీ చెప్పండి, ఆ పనికి వాళ్లకి నిజంగా ఖర్చవుతుంది. వాడేది ఎక్కువగా పామోలిన్. వేయించడానికి నిలకడైనదే గానీ దాన్లో నలభై శాతానికి పైగా గట్టి (సంతృప్త) కొవ్వులే. గుండె జబ్బున్నవాళ్లకి రెండు బజ్జీలు కూడా ఎక్కువే.

మొక్కజొన్న పొత్తు గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అంత మంచిది. పీచు ఉంది, నమలడానికి సమయం పడుతుంది, నూనె చుక్క లేదు. నిమ్మచెక్కని ఉప్పు, కారంలో అద్ది రుద్దుతారు కదా, ఒట్టి నిమ్మచెక్కతో రుద్దమనండి. మాడి బొగ్గయిన గింజలు గీకేయండి. అదే మొక్కజొన్నని ఒలిచి, కప్పులో పోసి, బటర్ అని చెప్పి మార్జరిన్ కలిపి, మసాలా చల్లితే ఆ తొమ్మిది మార్కుల్లో సగం పోతాయి.

చెరకురసం సహజమైనది కాబట్టి ఎంతైనా తాగొచ్చనే మాట తప్పు. 250 మిల్లీలీటర్ల గ్లాసులో 30 గ్రాములకి పైగానే చక్కెర ఉంటుంది. అదే కొలత కూల్‌డ్రింక్‌లో ఉండేది 26 గ్రాములు. పళ్లతో నమిలితే పీచు అడ్డుపడేది, మరలో పిండాక ఆ అడ్డు లేదు. దాహానికైతే కొబ్బరిబొండం, దాన్లో చక్కెర మూడో వంతు కూడా ఉండదు. చేప వేపుళ్లలో చేపకి వంక పెట్టలేం, పైనున్న ఎర్రరంగుకీ ముదిరిన నూనెకీ పెట్టాలి. పెనం మీద కొద్ది నూనెతో కాల్చి ఇచ్చేచోట తినండి.

ఇప్పుడు ఇంటికి వద్దాం. బిస్కట్ ప్యాకెట్ వెనక్కి తిప్పితే పదార్థాల జాబితా ఉంటుంది. దాన్లో ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రావాలన్నది నియమం. మొదట మైదా, తర్వాత పంచదార, పామాయిల్ వరుసగా ఉంటే అట్ట మీద గోధుమ కంకుల బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా అది మైదా బిస్కటే. చిరుధాన్యాలు అని పెద్దక్షరాలతో రాస్తే జాబితాలో వాటి శాతం వెతకండి. 100 గ్రాముల బిస్కట్లకి 450 నుంచి 500 కేలరీలు. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు తింటే యాభై అరవై గ్రాములు, అంటే కేలరీల్లో ఒక మురీ పొట్లంతో సమానం. కాకపోతే గుళ్లు లేవు, ఉల్లి లేదు, నిమ్మ లేదు. పైగా మురీ వారానికోసారి, బిస్కట్ ఏడాదంతా. రెండు మార్కులే ఇవ్వడానికి కారణం ఇదే.

పాలలో కలిపే మాల్ట్ పొడుల్ని హెల్త్ డ్రింక్స్ వరుసలోంచి తీసేయమని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్లకి చెప్పింది, ఆహార భద్రతా చట్టంలో అలాంటి రకమే లేదు కాబట్టి. వాటి బదులు చోడిపిండి, అంటే రాగిపిండి ఉంది. 30 గ్రాముల చోడిపిండిలో నూరు మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, రాత్రి కలిపి పులియబెట్టి పొద్దున అంబలి కాస్తే చాలు. నూడుల్స్ ప్యాకెట్ మీద ఉప్పు అని రాయరు, సోడియం అని రాస్తారు. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది. 800 మిల్లీగ్రాముల సోడియం ఉంటే 2 గ్రాముల ఉప్పు తిన్నట్టు, రోజు కోటాలో 40 శాతం. అది ఎక్కువగా ఆ చిన్న మసాలా పొట్లంలోనే ఉంటుంది, సగం వేసి మిగతాది పారేయొచ్చు. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ పక్కనే ఉండే మైసూర్ బజ్జీ కూడా ఈ జాబితాలోదే, మైదా, పుల్లపెరుగు, సోడా, నూనె. టిఫిన్ అని పిలిచినంత మాత్రాన ఇడ్లీతో సమానం కాదు.

మురీ ఇంట్లో కలుపుకోవాలంటే పూర్ణా మార్కెట్‌లో విడిగా కొని, ఒట్టి మూకుడులో సన్నసెగ మీద రెండు నిమిషాలు వేపి, చల్లారాక గాలి చొరని డబ్బాలో పోయండి. నిమ్మరసం, టమాటా తినబోయే ముందే కలపాలి, పది నిమిషాలు ఆగితే ముద్దవుతుంది.

బీచ్‌లోనే తినాలనుకుంటే చిన్న స్టీలు డబ్బా వెంట పట్టుకెళ్లండి. న్యూస్‌పేపర్‌లో తిండి పొట్లం కట్టకూడదని నిబంధన ఉన్నా ఇంకా కడుతూనే ఉన్నారు. వేడి బజ్జీ నూనెకి అచ్చుసిరా కరిగి పిండికి అంటుతుంది, బజ్జీ అడుగున అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. డబ్బా చాపితే దాన్లోనే వేసిస్తారు.