సుంకి ఘాట్‌లో పాత సెడియా: కొత్త స్ప్రింగులు, వెనక 20 ఎం.ఎం. బార్

పొట్టంగి దాటి సుంకి ఘాట్ దిగడం మొదలుపెట్టగానే మా అమ్మ సంచిలోంచి నిమ్మకాయ తీస్తుంది. జయపురం నుంచి విజయనగరం వెళ్లే ప్రతిసారీ ఇదే. వెనకసీట్లో ఆవిడ, ముక్కు దగ్గర నిమ్మకాయ. కారుకి కొత్తగా వేయించిన ఈ స్ప్రింగులకీ, మలుపులో బండి ఒరగకుండా ఆపే ఈ వెనక బార్‌కీ నేను పెట్టిన మొదటి పరీక్ష అదే. బిగించి పది నెలలైంది, 14,000 కిలోమీటర్లు తిరిగాను, ఇప్పుడు రాస్తున్నాను.

కారు మిత్సుబిషి లాన్సర్ సెడియా, 2008 మోడల్. తిరువళ్లూరులో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు కట్టిన రెండు లీటర్ల పెట్రోలు బండి, 115 హార్స్‌పవర్. ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్లు, అంటే స్ప్రింగూ షాకప్ కలిసిన కడ్డీలు. వెనక మల్టీలింకు, అంటే ఒక్కో చక్రాన్ని విడిగా పట్టి ఉంచే కొన్ని ఆర్మ్‌ల ఏర్పాటు. మన దేశపు ర్యాలీల్లో ఏళ్ల తరబడి మట్టిలో పరిగెత్తిన జాతి ఇది. నాలుగు డోర్లున్నా నాకిది స్పోర్ట్స్ కారే. నేను రైస్ మిల్లు విడిభాగాలు అమ్ముతాను. నెలకి మూడుసార్లయినా కోరాపుట్, సెమిలిగుడ, సాలూరు మీదుగా విశాఖ వెళ్లొస్తాను. ఇప్పుడు ఎన్.హెచ్. 26 అని బోర్డులున్నా, మా పెద్దవాళ్లు ఆ రోడ్డుని ఇంకా పాత నంబరుతో ఫార్టీ త్రీ అనే అంటారు.

ముందు చేసిన పొరపాటు చెప్పాలి. రెండేళ్ల కిందట ఒక పెద్ద ఊళ్లో షాపువాళ్లు ఎర్రరంగు 'స్పోర్ట్స్' స్ప్రింగులు అంటగట్టారు. బండిని 40 ఎం.ఎం. కిందికి దించేవి. కారు బరువెంత, ఏ రోడ్డు మీద తిరుగుతుంది, వెనక ఎవరు కూర్చుంటారు అని ఒక్క మాట అడగలేదు. కిందికి దించితే చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా తగ్గిపోతుంది. గుంత తగిలినప్పుడల్లా బంప్ స్టాపర్ (చక్రం మరీ పైకి లేవకుండా ఆపే రబ్బరు ముక్క) మీదికి వెళ్లి కొట్టుకునేది. ఒకరోజు జయపురం నుంచి కోరాపుట్ ఎక్కుతూ మలుపు మధ్యలో అలా కొట్టుకుని, బండి వెనక భాగం గజం పక్కకి జరిగింది. ఎడమవైపు లోయ. అమ్మ బండిలోనే ఉంది. మర్నాడే పాత స్ప్రింగులు మళ్లీ వేయించేశాను.

మా వీధిలో ఒక మామయ్యగారు ఉన్నారు. సునాబెడ హెచ్.ఏ.ఎల్.లో, మిగ్ విమానాల ఇంజన్లు తయారయ్యే చోట, పనిచేసి రిటైరయ్యారు. సంగతి విని ఆయన అడిగిన మొదటి మాట: "రంగు చూసి కొన్నావా అల్లుడూ, తీగ కొలిచావా?" మందం కొలిచే వెర్నియర్ తెచ్చి, కాగితం మీద లెక్క వేసి చూపించారు. స్ప్రింగు గట్టిదనం తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్టు వ్యాసానికి మూడో ఘాతంలో, పనిచేసే చుట్ల సంఖ్యని బట్టి తగ్గుతుంది. లెక్కకి 12 ఎం.ఎం. తీగ, 120 ఎం.ఎం. సగటు వ్యాసం, 5 చుట్లు అనుకుంటే ఒక మిల్లీమీటరు నొక్కడానికి 2.4 కేజీలు కావాలి. మిగతావన్నీ అలాగే ఉంచి తీగ ఒక్కటి 13 చేస్తే 3.3 అవుతుంది. చాలామంది చేసినట్టు ఒక చుట్టు కోసేస్తే 3.0 అవుతుంది గానీ, పొడవు తగ్గిపోయి చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు తను కూర్చునే గిన్నెలో వదులవుతుంది. ఘాట్‌లో తిరిగే బండికి స్ప్రింగు కోయించొద్దని చేతులు పట్టుకుని చెబుతాను.

తర్వాత బరువు. తెలిసిన మిల్లులో బస్తాల కాటా ఉంది. ఒక్కో చక్రం దాని మీదికి ఎక్కించి, మిగతా మూడింటి కింద అంతే ఎత్తు చెక్కలు పెట్టాం. చెక్కలు లేకపోతే బరువు ఒక మూలకి జరిగి అంకె తప్పు చూపిస్తుంది. ముందు చక్రాల మీద 380 కేజీల చొప్పున, వెనక 245 చొప్పున వచ్చింది. తర్వాత అమ్మనీ, మా ఆవిడనీ, రెండు సంచుల బియ్యాన్నీ వెనక పెట్టి తూచాం. అసలు ఎంచుకోవాల్సింది ఆ బరువుకే కదా!

మామయ్యగారు పట్టుబట్టిన మాట ఇంకోటి ఉంది. బండి సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చూడాలి. మామూలు కార్లు ఒకటీ ఒకటిన్నర మధ్య ఊగుతాయి. రెండుకి చేరితే రోడ్డు మీద ప్రతి రాయీ నడుముకి తెలుస్తుంది. వెనక ముందుకన్నా కొంచెం వేగంగా ఊగాలి, ఎందుకంటే గతుకు ముందు చక్రానికి మొదట తగులుతుంది, వెనక ఆలస్యంగా అందుకుని సర్దుకోవాలి. 1930లలో జనరల్ మోటార్స్‌లో మారిస్ ఆలీ అనే ఇంజనీరు తేల్చిన సంగతట ఇది. ఇంకో చిక్కు, స్ప్రింగు అంకె చక్రం దగ్గర అంకె కాదు. మల్టీలింకులో స్ప్రింగు సాధారణంగా చక్రానికి కొంత లోపలగా కూర్చుంటుంది. చక్రం 10 ఎం.ఎం. లేస్తే స్ప్రింగు 7 మాత్రమే నలిగిందనుకోండి, చక్రానికి అందేది స్ప్రింగు గట్టిదనంలో సగమే. ముందూ వెనకా ఒకే అంకె వేయించుకున్నవాళ్లు తప్పుతున్నది ఇక్కడే.

చివరికి ముందు పాతదానికన్నా మూడోవంతు గట్టిగా, వెనక పావువంతు గట్టిగా, ఎత్తు ఏమాత్రం తగ్గకుండా కావాలని విశాఖలో ఒక స్ప్రింగుల తయారీదారుకి రాసిచ్చాను. పారిశ్రామిక ఆర్డర్లు చేసే చిన్న యూనిట్, పేరు రాయొద్దన్నారు. నాలుగింటికీ 14,000 రూపాయలు తీసుకున్నారు. చెప్పిన తేదీకి మూడు వారాలు ఆలస్యం. కానీ ప్రతి స్ప్రింగుకీ ప్రెస్ మీద నొక్కి చూసిన బరువు చీటీ కట్టి ఇచ్చారు, ఎడమకీ కుడికీ తేడా లేదు. పది నెలల తర్వాత కూడా చక్రం మీద అంచు ఎత్తు 3 ఎం.ఎం. కన్నా ఎక్కువ దిగలేదు. రంగు మాత్రం రెండు చోట్ల పెచ్చులు ఊడింది. మా కోరాపుట్ వానలకి అక్కడే తుప్పు పట్టేది. నేనే గీకి పూత వేశాను.

ఇక బార్. ఇది విదేశం నుంచి తెప్పించిన 20 ఎం.ఎం. వెనక స్టెబిలైజర్ రాడ్, పన్నులతో 19,000 పడింది. బార్‌దీ నాలుగో ఘాతమే. 18 తీసి 20 వేస్తే కంటికి రెండు మిల్లీమీటర్లే, మెలి పెట్టడానికి 52 శాతం ఎక్కువ బలం కావాలి. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే బార్ ఊరికే తిరుగుతుంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర అందుకే ఏమీ తెలియదు. ఒకవైపే లేస్తే మెలిపడి రెండోవైపుని కూడా లాగుతుంది. మలుపులో బండి ఒరగకుండా ఆపేది అదే. గుంతలో ఒక చక్రం పడితే బండంతా ఊగడానికి కారణం కూడా అదే.

ముందు బార్ కూడా లావుది వేయించుకోమని అందరూ అన్నారు, నేను వేయించలేదు. బరువంతా ముక్కు మీద ఉన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ ఇది, ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. స్టీరింగు తిప్పినా ముక్కు బయటికి లాగడం దీని పుట్టుక గుణం, ముందు బార్ లావు చేస్తే అది ఇంకా పెరుగుతుంది. వెనక గట్టి చేస్తే ముందు టైర్లకి ఊపిరి ఆడుతుంది. ఈ నిర్ణయం సరైనదని సుంకి మొదటి హెయిర్‌పిన్ మలుపులోనే తెలిసింది.

బిగించింది సాలూరులో. లారీల ఊరు కాబట్టి కమాన్ల (లారీ పట్టీ స్ప్రింగుల) పని తెలిసినవాళ్లు వీధికి నలుగురుంటారు. కారు పని చేసిన పెద్దాయన, నేను జాకీ మీదే బోల్టులు బిగించేయమంటే ఒప్పుకోలేదు. "గాల్లో ఉండగా బిగించీకూడదు బావూ. బండి సక్రాల మీద నిలబడ్డాక బిగిత్తేనే బుష్షు బతుకుద్ది" అన్నాడు. ఆర్మ్ కీలులో ఉండే రబ్బరు గొట్టమే బుష్. చక్రం వేలాడుతున్నప్పుడు దాన్ని బిగిస్తే, బండి దిగగానే మెలిపడి ఎప్పుడూ అలాగే ఉంటుంది, తొందరగా చిరుగుతుంది. బార్ చివరలని చక్రాల వైపు కలిపే లింక్ రాడ్లు కూడా అరిగిపోయి ఉంటే అప్పుడే మార్చాడు. అవి వదులుగా ఉంటే ఎంత లావు బార్ వేసినా మొదటి కొన్ని డిగ్రీలు వృథా.

నడక సంగతి. స్టీరింగు తిప్పిన వెంటనే బండి తిరుగుతుంది, అటూ ఇటూ ఊగిసలాట లేదు. ఎదురుగా లారీ వచ్చి సర్రున పక్కకి తప్పుకోవాల్సి వస్తే మునుపు రెండుసార్లు ఊగేది, ఇప్పుడు ఒక్కసారితో నిలబడుతుంది. సెమిలిగుడ దగ్గర అతుకుల రోడ్డు మీద తల కొంచెం అటూ ఇటూ అవుతుంది, అది బార్ ఖరీదు. అమ్మ ఇప్పుడు సుంకి మొత్తం దిగాక గానీ నిమ్మకాయ తీయడం లేదు. ఒకటి రెండుసార్లు నిద్రపోయింది కూడా.

భయపడాల్సింది ఒకటుంది. వానలో, మంచులో మలుపు మధ్య యాక్సిలరేటర్ సడెన్‌గా వదిలితే వెనక భాగం జారాలని చూస్తుంది. బార్ చివర రెండు రంధ్రాలున్నాయి. జూన్ నుంచి అక్టోబరు దాకా బయటి రంధ్రంలో, అంటే మెత్తవైపు, ఉంచుతున్నాను. వెనక టైర్లు అరిగినవాళ్లు ఈ బార్ జోలికి పోకండి. బార్‌తో వచ్చిన పాలీయురేథేన్ (రబ్బరుకన్నా గట్టి ప్లాస్టిక్) బుష్‌లు నాలుగు నెలలకే కిర్రుమన్నాయి, సిలికాన్ గ్రీజు పెట్టాక ఆగాయి. పెట్టెలో గ్రీజు ప్యాకెట్టు ఇవ్వకపోవడం తయారీదారు తప్పే.

స్ప్రింగులకి అయిదుకి నాలుగున్నర, బార్‌కి నాలుగు. షాకప్‌లు మాత్రం పాతవే. ముందువి ఈ గట్టిదనాన్ని పట్టుకుంటున్నాయి, వెనకవి నలుగురెక్కితే ఒకసారి ఎక్కువ ఊగుతున్నాయి. దసరాలోపు వెనక రెండూ మార్పిస్తున్నాను.