కొర్తోనా: కొండ మీద రెండు రాత్రులు, లోయలో ఒకటి

ఇటలీ ప్రయాణంలో కొర్తోనాలో దిగి తీరాలన్నది మావారి పట్టు. రోమ్, ఫ్లోరెన్స్ చాలవా అన్నాను. ముప్పై ఏళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసిన మనిషి. క్రీస్తుకు ముందు నాటి భూమి దస్తావేజు ఒకటి అక్కడి మ్యూజియంలో ఉందని ఎక్కడో చదివారు. ఇక ఆగుతారా!

ఫ్లోరెన్స్ నుంచి ప్రాంతీయ రైలులో గంటన్నర లోపే కముచ్చా స్టేషన్‌లో దిగాం. తలెత్తి చూస్తే ఊరు కొండ వాలుకు అతుక్కుని, సుమారు 500 మీటర్ల ఎత్తున కనిపించింది. పైకి బస్సు ఉంది కానీ మేము దిగింది ఆదివారం. టికెట్లు అమ్మే పొగాకు దుకాణం మూసి ఉంది, బస్సు జాడ లేదు. చివరికి టాక్సీ పిలిపించుకున్నాం. ఆ కాస్త దూరానికి ఇచ్చుకున్న డబ్బుతో ఇద్దరం సుష్ఠుగా భోజనం చేయవచ్చు. మీరు మాత్రం వారం మధ్యలో వెళ్లండి.

మొదటి రెండు రాత్రులు కోటగోడ లోపల క్రైస్తవ సన్యాసినులు నడిపే వసతి గృహంలో ఉన్నాం. గది చిన్నది, దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. రాత్రి వేళకు తలుపు వేసేస్తారు. ఇబ్బందల్లా అక్కడికి చేరడమే. రాళ్లు పరిచిన నిట్టనిలువు సందుల్లో పెట్టె చక్రాలు ఎందుకూ పనికిరావు. ఈ ఊళ్లో చదునైన వీధి చెప్పుకోదగ్గది ఒకటే. దాన్ని స్థానికులు ‘రుగాపియానా’ అంటారు, అంటే ‘చదును వీధి’ అనే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఆ వీధికి దగ్గరలో గది చూసుకోవాలి.

ఊరు చుట్టూ ఉన్న గోడను తీరిగ్గా చూడండి. పైన మధ్యయుగాల నాటి చిన్న రాళ్లు. అడుగున ఏనుగంత బండలు. అవి రోమన్ల ప్రాబల్యం కంటే ముందు ఇక్కడ బతికిన ఎట్రుస్కన్లు పేర్చినవి.

ఇక మ్యూజియం. పలాత్సో కసాలి అనే పాత భవనంలో ఉంది. టికెట్టు డబ్బు ఒక్క కంచు దీపం చూస్తేనే గిట్టుబాటు. 1840లో దగ్గరి పొలాల్లో దొరికింది. పదహారు వత్తుల కొమ్ములు, యాభై కిలోలకు పైగా బరువు, అడుగున నాలుక చాచిన రాక్షసి ముఖం.

మావారి దస్తావేజు మాత్రం చిన్నదే, అర మీటరు పొడవు కూడా లేని కంచు రేకు. 1992లో కముచ్చా వైపు బయటపడింది. రెండు వైపులా కలిపి నలభై పంక్తులు, కుడి నుంచి ఎడమకు చెక్కినవి. గ్రీకు నుంచి వచ్చిన లిపి కనుక అక్షరాలు చదవగలుగుతున్నారు, ఎట్రుస్కన్ భాష మాత్రం పూర్తిగా లొంగలేదు. భూమి అమ్మకమో కౌలో అయి ఉంటుందనీ, ద్రాక్షతోట ప్రస్తావన ఉందనీ, పేర్ల వరుసల్లో సాక్షులు ఉన్నారనీ పండితుల అంచనా. ‘‘హద్దులు, సాక్షులు... మన పద్ధతే కదా!’’ అని మావారు మురిసిపోయారు. రేకు ఎనిమిది ముక్కలైంది, ఏడే దొరికాయి. ‘‘లింకు డాక్యుమెంటు లేని ఆస్తి’’ అని తీర్పు కూడా చెప్పేశారు.

కొండ కొసన జిరిఫాల్కో కోట ఉంది. ఎక్కితే ఊపిరి అందదు, అయినా ఎక్కాలి. ఆగ్నేయాన త్రసిమెనో సరస్సు. దాని ఒడ్డునే క్రీ.పూ. 217లో కార్తేజ్ సేనాని హన్నిబాల్ రోమన్ సైన్యాన్ని కొండకూ నీళ్లకూ మధ్య ఇరికించి తుడిచిపెట్టాడు. పడమర వైపు చదునుగా పరుచుకున్నది కియానా లోయ. నాకు హన్నిబాల్ కంటే ఈ లోయ కథే నచ్చింది. ఎట్రుస్కన్ల కాలంలో ఇది పంట భూమి. మధ్యయుగాల్లో నీరు నిలిచి మలేరియా దిబ్బగా మారింది. కియానా నది ఒకప్పుడు దక్షిణంగా, రోమ్ మీదుగా పారే టైబర్ నదిలో కలిసేది. రోమ్‌కు వరదలు తగ్గించడానికి దాన్ని ఫ్లోరెన్స్ మీదుగా పారే ఆర్నో నది వైపు మళ్లిద్దామని క్రీ.శ. 15లో రోమన్ సెనేట్‌లో చర్చ వస్తే, మేము మునుగుతామని ఫ్లోరెన్స్ వాళ్లు అడ్డుపడ్డారు. ఎన్నో శతాబ్దాల తర్వాత, చిత్తడిని ఎండగట్టే పనుల్లో నదిని అటే మళ్లించారు. ఇప్పుడు ఆ నీళ్లలో చాలా భాగం ఉత్తరానికే పోతుంది.

మూడో రాత్రి ఆ లోయలోనే ఒక పొలం ఇంట్లో బస. పెద్ద గది, పిట్టల కూతలు, మంచి అల్పాహారం. కారు లేకపోతే మాత్రం బందీలే. రాత్రి భోజనానికి లావుపాటి పీచి నూడుల్స్, టమాటా, ఈ లోయలో పండే పెద్ద వెల్లుల్లి. శాకాహారులకు ఇంతకంటే ఏం కావాలి? ఇక్కడి తెల్లని కియానీనా ఎద్దులను చూసి ఒంగోలు గిత్తలు గుర్తొచ్చాయి, మూపురం తప్ప.

దగ్గరే సోదోలో ఎట్రుస్కన్ సమాధుల దిబ్బలున్నాయి. ఆకారాన్ని బట్టి ఊరివాళ్లు ‘మెలోనె’, అంటే ఖర్బూజా, అంటారు. అమరావతి స్తూపం దిబ్బను మనవాళ్లు దీపాలదిన్నె అన్నట్టే. ముందు చెప్పకుండా వెళ్లినందుకు మాకు తాళం వేసిన గేటు స్వాగతం పలికింది, తప్పు మాదే. సమయం ఖరారు చేసుకుని మర్నాడు వెళ్తే, దిబ్బకు ఆనుకుని రాతిమెట్ల వేదిక, దాని పక్కన మృగంతో తలపడే యోధుడి శిల్పం చూశాం. క్రీ.పూ. 6వ శతాబ్దం నాటివి. అక్కడ మేమిద్దరం తప్ప ఇంకో యాత్రికుడు లేడు.

రైలుకు మూడు గంటలుందని మావారు మళ్లీ కొండెక్కించారు, మళ్లీ మ్యూజియం టికెట్టు కొన్నారు. ఎనిమిదో ముక్క దొరికితే కబురు పెట్టమని కౌంటరులో అమ్మాయికి చెప్పి వచ్చారు, తెలుగులో.