పెట్టెలు నెట్టే ఆటల్లో ఏ మార్పు మేలు?

హిరోయుకి ఇమబయాషి 1981లో రూపొందించగా, మరుసటి ఏడాది జపాన్‌లో థింకింగ్ ర్యాబిట్ సంస్థ విడుదల చేసిన సొకోబాన్ అనే కంప్యూటర్ పజిల్ ఆటకు నియమాలు చాలా తక్కువ. గోదాం కాపరి ఒకసారికి ఒక్క పెట్టెనే నెట్టగలడు, లాగలేడు. పెట్టెలన్నీ గుర్తు పెట్టిన గడుల్లోకి చేరితే లెవెల్ పూర్తవుతుంది. ఈ నియమాల్లో ఏదో ఒకదాన్ని మార్చి పుట్టించిన ఆటలు ఆ తర్వాత ఎన్నో వచ్చాయి.

నా దృష్టిలో అసలు ఆట పట్టంతా ‘లాగలేడు’ అన్న మాటలోనే ఉంది. మూలకు చేరిన పెట్టె ఇక కదలదు. నాలుగు పెట్టెలు రెండేసి చొప్పున రెండు వరుసల్లో ఒకదానికొకటి ఆనుకుంటే అవీ కదలవు. గట్టి లెవెళ్లలో తప్పు పదో అడుగులో జరిగితే దాని ఫలితం నూరో అడుగులో గాని బయటపడదు. ఈ ఆట పీస్పేస్-కంప్లీట్ అని, అంటే గణనశాస్త్రం లెక్కలో చాలా కఠినమైన సమస్యల కోవకు చెందుతుందని 1997లో జోసెఫ్ కల్బర్‌సన్ నిరూపించాడు.

అందుకే నెట్టడంతో పాటు లాగడాన్నీ అనుమతించే పుకోబాన్ నాకు రుచించలేదు. పెట్టెను నెట్టిన కాపరి అది అంతకుముందు ఉన్న గడిలో నిలబడతాడు, అతని వెనుక గడి ఎలాగూ ఖాళీయే. కాబట్టి వెంటనే లాగితే పెట్టె మళ్లీ పాతచోటికే వస్తుంది. ఏ తప్పూ శాశ్వతం కానప్పుడు ముందుచూపుతో పనేముంది? అడుగు వెనక్కి తీసుకునే మీట సంగతి వేరు: అది తప్పును చెరిపేస్తుందే గాని, తప్పు చేసినా ఫరవాలేదనే దారి చూపదు.

షడ్భుజి గడులపై ఆడే హెక్సోబాన్ ఇంతకన్నా నయం. చదరపు గడుల్లో పెట్టె రెండు దిశల్లో బిగుసుకుంటే చాలు, ఇక్కడ మూడు దిశల్లోనూ బిగుసుకోవాలి. చిక్కులు కొంత సడలినా నియమం చెక్కుచెదరదు. కొన్ని పెట్టెలకు ప్రత్యేకంగా వాటి గడినే కేటాయించే సోకోమైండ్ ప్లస్‌లో మాత్రం పెట్టెల వరుసక్రమమే ప్రధాన సమస్య అవుతుంది.

కొత్తవాటిలో అసలు పోటీ రెండింటి మధ్యనే. 2019లో వచ్చిన బాబా ఈజ్ యూలో నియమాలే మాటల దిమ్మెలుగా పలకపై ఉంటాయి. ‘గోడ అడ్డు’ అనే వాక్యంలో ఒక దిమ్మెను పక్కకు నెడితే గోడలోంచి నడిచి వెళ్లవచ్చు. అద్భుతమైన ఊహే, అయితే ఆడేవారి ధ్యాస క్రమంగా గడుల మీది నుంచి వాక్యాల మీదికి మళ్లుతుంది. 2022 నాటి ప్యాట్రిక్స్ ప్యారాబాక్స్‌లో పెట్టె లోపల మరో గది ఉంటుంది, ఒక్కోసారి ఆ గది తననే తాను మోస్తుంది. ముందుకు జరగడానికి చోటు లేని పెట్టెను నెడితే, దాని పక్క తెరిచి ఉంటే మనమే అందులోకి ప్రవేశిస్తాం. అంటే సొకోబాన్‌లో మనల్ని ఓడించిన గోడే ఇక్కడ పెట్టెను కదలకుండా నిలిపి ద్వారం తెరుస్తుంది. నెట్టడమనే ఒక్క పనిని వదలకుండా దాని అర్థాన్నే మార్చిన ఈ ఆటకే నా ఓటు.

అయినా కొత్తగా మొదలుపెట్టేవారు దీనికన్నా ముందు మైక్రోబాన్ అనే సొకోబాన్ లెవెళ్ల తొలి సంపుటి ఆడాలి. అందులోని మొత్తం 155 లెవెళ్లలో చాలావరకు చిన్నవే, ఒక్కొక్కటి ఒక్కో చిక్కును విడిగా చూపిస్తుంది. గోడ ఎప్పుడు శత్రువో చేతికి అలవాటైనవారికే ప్యారాబాక్స్‌లో అది మిత్రుడైన క్షణం పూర్తిగా అందుతుంది.