కొండాపూర్‌లో రోజు అద్దె ఫ్లాటా, లక్డీకాపూల్‌లో హోటలా?

పెళ్లికో పేరంటానికో ఇంటిల్లిపాదీ హైదరాబాద్ వస్తే రోజు అద్దె ఫ్లాటే నయమనిపిస్తుంది. వంటగది ఉంటుంది, చంటిపిల్లలకు పాలు కాచుకోవచ్చు, అందరూ ఒకే చోట ఉండొచ్చు. హోటల్లో ఆరుగురికి రెండు మూడు గదులు కావాలి, ఖర్చు పెరుగుతుంది.

కానీ చూసుకునే మనిషి లేని ఫ్లాట్ నరకం. పోయిన ఎండాకాలం కొండాపూర్‌లో మేం దిగిన ఇల్లు ఫోటోల్లో తళతళలాడింది. తలుపు తీస్తే ముక్కిన వాసన. దుప్పటి మీద ఎవరివో వెంట్రుకలు, సింకులో ముందువాళ్ల టీ గ్లాసులు. రాత్రి పదకొండింటికి నీళ్లు ఆగిపోయాయి. ఆ వైపు చాలా అపార్ట్‌మెంట్లలో వేసవిలో బోర్లు ఎండిపోతాయి, ట్యాంకరే దిక్కు. ఓనర్ ఫోన్ ఎత్తలేదు. "నాకేం తెల్వదు సార్, ఆయన్నే అడుగుండ్రి" అన్నాడు వాచ్‌మన్. పాపం, అతనేం చేస్తాడు? మా అత్తయ్య స్నానం లేకుండానే పెళ్లికి బయల్దేరింది. ఆ బాధ నాకింకా పోలేదు.

హోటల్లోనూ గీజర్ పాడవుతుంది. అయితే కింద రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు, గట్టిగా అడిగితే గది మారుస్తాడు. లక్డీకాపూల్‌లో మెట్రో కూడా దగ్గరే.

పెద్దవాళ్లుంటే నా ఓటు హోటల్‌కే. వారం పైన ఉండాలంటే ఫ్లాట్ తీసుకోండి. కాకపోతే మంజీరా కుళాయి నీళ్లా, బోరా, ట్యాంకరా అని ముందే అడగండి. రోజు అద్దెకు అపార్ట్‌మెంట్ సొసైటీ ఒప్పుకుందో లేదో కనుక్కోండి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. దిగగానే ఇల్లంతా వీడియో తీసుకోండి. అడ్వాన్స్ ఎగ్గొడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.