ఎయిర్ పిస్టల్ గ్రిప్పు: ఏది కొనాలి, కొన్నాక ఎంత చెక్కాలి

తీర్పు ముందే చెప్పేస్తాం. పిస్టల్‌తో పాటు వచ్చిన వాల్‌నట్ చెక్క గ్రిప్పు (చేత్తో పట్టుకునే పిడి) మీ సైజుదే అయితే, కొత్తదానికి ఆర్డరు పెట్టే ముందు దాని మీద ఒక ఎమ్‌సీల్ (ఎపాక్సీ పుట్టీ) ప్యాకెట్టు, రెండు ఉప్పుకాగితాలు, ఒక ఆదివారం ఖర్చు పెట్టండి. చాలామందికి వ్యవహారం అక్కడితో తేలిపోతుంది. చెయ్యి మరీ చిన్నదైనా, వేళ్లు మరీ పొడుగైనా చేతి గీత (కాగితం మీద చెయ్యి పెట్టి చుట్టూ గీసింది) పంపించి చేయించుకునే గ్రిప్పు మేలు. త్రీడీ ప్రింటుది మూడో స్థానం. ఊళ్లో వడ్రంగి చేత మొదటి నుంచీ కొత్తగా చెక్కించుకోవడం మాత్రం వద్దు.

గ్రిప్పు కుదిరిందంటే పట్టుకోగానే హాయిగా ఉందని కాదు. తీసుకున్న రోజున ‘భలే ఉందే’ అనిపించిన గ్రిప్పే నలభయ్యో షాటు దగ్గర బొటనవేలిని మొద్దుబార్చేస్తుంది. మ్యాచ్ అంటే 60 షాట్లు, 75 నిమిషాలు. టార్గెట్ నడుమ పది పాయింట్ల రింగు వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. ప్రతిసారీ చెయ్యి అదే చోట కూర్చుంటుందా, చెయ్యి ఎత్తగానే సైట్లు (పిస్టల్ మీద గురి చూసుకునే ముందు, వెనక గుర్తులు) వాటంతట అవే వరసకి వస్తాయా అన్నదే లెక్క.

దానికో పరీక్ష ఉంది. పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని తెల్లగోడ వైపు నిలబడండి. ఎడమచేత్తో పిస్టల్ పట్టుకుని, గ్రిప్పు వెనక భాగాన్ని కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందులోకి పైకంటా దిగేసి, ఆ తరవాతే వేళ్లు చుట్టండి. కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తండి. ఊపిరి సగం వదిలి కళ్లు తెరవండి. ముందు సైటు వెనక సైటు గాడిలో నడిమధ్యన ఉందా, పై అంచులు సమంగా ఉన్నాయా చూడండి. పిస్టల్ కింద పెట్టి, మళ్లీ మొదటి నుంచీ పట్టుకుంటూ ఇలా పదిసార్లు చెయ్యాలి. ఏడెనిమిదిసార్లు ఒకే వైపుకి తప్పితే తప్పు గ్రిప్పుది. ఓసారి అటు, ఓసారి ఇటు పోతుంటే మీ పట్టే ఇంకా కుదురుకోలేదు. అప్పుడు చెక్క జోలికి వెళ్లకండి.

కుడిచేతివాళ్లకి ముందు సైటు ఎప్పుడూ ఎడమకి పోతుంటే, గ్రిప్పు కుడివైపు వెనకభాగంలో, చిటికెనవేలి కింద మణికట్టుకి దగ్గరగా ఉండే కండ ఆనే చోట, పల్చగా పుట్టీ వెయ్యండి. గ్రిప్పు వెనకభాగం ఎడమకి జరిగి, పిస్టల్ మూతి కుడికి తిరుగుతుంది. ముందు సైటు కుడికి పోతుంటే అదే చోట చెక్క తియ్యాలి. పైకి తేలుతుంటే గ్రిప్పు వంపు మార్చాలి. వంపు మార్చే స్క్రూలున్న మోడల్ అయితే వాటితోనే పని అయిపోతుంది. లేకపోతే సందు ఆనే చోట మందం పెంచాలి, కానీ అక్కడ పెంచినంతా వేలికీ ట్రిగ్గర్‌కీ మధ్య దూరం పెరుగుతుంది. ట్రిగ్గర్ బ్లేడుని (వేలు నొక్కే రేకుని) అంత వెనక్కి జరపడం మర్చిపోతే గ్రిప్పు బాగుపడి వేలు పాడవుతుంది. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీల ఈ మధ్య మోడళ్లలో గ్రిప్పుని పక్కలకీ, ముందుకీ వెనక్కీ తిప్పుకునే ఏర్పాటు పిస్టల్‌లోనే ఉంది. అది ఉన్నవాళ్లు పుట్టీ కన్నా ముందు ఆ స్క్రూలతోనే ప్రయత్నించాలి.

సైజు సంగతి. స్టెయర్, మొరీని, వాల్తర్ ఏదైనా గ్రిప్పులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తాయి. ఒక కంపెనీ ‘ఎమ్’ ఇంకో కంపెనీ ‘ఎమ్’తో కలవదు కాబట్టి ఎవరి పట్టిక వాళ్లదే చూడాలి. రెండు సైజుల మధ్య ఊగుతుంటే చిన్నదే తీసుకోండి. పుట్టీ వేసినదాన్ని గీకెయ్యొచ్చు, చెక్కేసిన వాల్‌నట్‌ని తిరిగి అతికించలేం. పైగా పెద్ద గ్రిప్పులో వేళ్ల మధ్య గట్లు దూరదూరంగా ఉండి చిన్న చేతుల్ని విడదీస్తాయి. మధ్యవేలు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే చట్రం) అడుక్కి తగలకుండా కిందకి జారిపోతుంది. మధ్యవేలు గార్డుకి ఆనకపోతే పిస్టల్ ఎత్తు ప్రతిసారీ మారిపోతుంది. మధ్యవేలి కింద ఉన్న ఈ ఒక్క గట్టునీ సగానికి అరగదీస్తే ఎంతోమందికి సమస్య తీరిపోతుంది, కానీ ఎవరూ ముందు దాని వైపు చూడరు.

చేతి గీత పంపి చేయించుకునే గ్రిప్పులకి జర్మనీలో రింక్, నిల్ పేరున్నవాళ్లు. పనితనం గురించి అనుమానం అక్కర్లేదు, తప్పులు జరిగేది మన వైపే. ఎ4 కాగితం మీద చెయ్యి పెట్టి గీత గీసేటప్పుడు పెన్సిల్ నిలువుగా ఉండాలి. లోపలికి వాలితే వేళ్లు సన్నబడతాయి, బయటికి వాలితే లావెక్కుతాయి. వేళ్లు కలపాలో విడదియ్యాలో ఆర్డరు ఫారంలో చెప్పినట్టే చెయ్యండి. గీత పక్కనే స్కేలుతో సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత గీసి, రెండు చివర్లా గుర్తులు పెట్టండి. స్కాన్ చేసి పంపితే అవతల ప్రింటర్ ‘పేజీకి సరిపెట్టు’ అనుకుని నాలుగైదు శాతం కుదించేస్తుంది, ఆ 100 గీత ఉంటేనే వాళ్లకి తెలుస్తుంది. ఫోన్‌తో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం శుద్ధ దండగ. కాగితమే పోస్టులో పంపడం అన్నిటికన్నా నయం.

ఇంకోటి, ఇది మన డెల్టా వాళ్లకి ప్రత్యేకం. చలికాలం పొద్దున్నే కొలిచిన చెయ్యీ, మే నెల మూడింటికి కరెంటు పోయాక భీమవరంలో ఉన్న చెయ్యీ ఒకటి కాదు. ఎండకి వేళ్లు ఉబ్బుతాయి. మీరు ప్రాక్టీసు చేసే వేళలోనే, అరగంట పిస్టల్ పట్టిన తరవాతే గీత గియ్యండి. ఆర్డరులో పిస్టల్ మోడల్ పూర్తి పేరు, కుడో ఎడమో స్పష్టంగా రాయండి. ఒకే కంపెనీ పాత మోడల్ గ్రిప్పు కొత్తదానికి పడుతుందని అనుకోవద్దు. బయటి నుంచి నేరుగా తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

అరచేతి కింద ఉండే పామ్ రెస్ట్ దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది: దాన్ని బిగించి చేతిని ఇరికించెయ్యడం. పట్టు గట్టిగా ఉన్నట్టే ఉంటుంది గానీ నాడి కొట్టుకునేది కూడా సైట్లలో కనిపిస్తుంది. స్క్రూ వదులు చేసి, పిస్టల్‌ని భుజం ఎత్తులో పట్టుకుని, ఇంకొకరి చేత రెస్ట్‌ని మెల్లగా పైకి జరిపించండి. చేతి అంచుకి తగిలీ తగలగానే ‘ఆపండి’ అని, అక్కడే బిగించమనండి. రెస్ట్‌కీ చేతికీ మధ్య విజిటింగ్ కార్డు కాస్త రాపిడితో దూరాలి. అస్సలు దూరకపోతే బిగువు, ఊరికే జారిపోతే వదులు. వదులుగా ఉంటే షాటు షాటుకీ చెయ్యి కిందకి దిగుతూ, టార్గెట్ మీద షాట్ల గుంపు నిలువుగా సాగుతుంది. మధ్యాహ్నం చెయ్యి ఉబ్బే చోట కార్డు కాస్త సులువుగా దూరేటట్టు ఉంచుకోవాలి.

ట్రిగ్గర్ వేలు పక్కన చెక్కకి రాసుకోకూడదు. రాసుకుంటే నొక్కినప్పుడల్లా వేలు చెక్కని కూడా తోస్తుంది, కుడిచేతివాళ్ల షాట్లు ఎడమకి పోతాయి. వేలి పక్కన కార్డు పెట్టి అటూ ఇటూ లాగండి, తగిలే చోట పెన్సిల్ గుర్తు పెట్టి అంతవరకే తియ్యండి. బొటనవేలు ఊరికే వాలి ఉండాలి, నొక్కకూడదు.

పుట్టీ పని. పిస్టల్ నుంచి గ్రిప్పు విప్పకుండా ఉప్పుకాగితం పట్టుకోవద్దు, ఆ పొడి యంత్రంలోకి పోతే సర్వీసింగ్ ఖర్చు గ్రిప్పు ధరని మించుతుంది. ముందు చేతికి టాల్కమ్ పౌడరు రాసుకుని గ్రిప్పు పట్టి వదలండి. పౌడరు అంటని చోటే ఖాళీ. కుంకుమతో ఈ ప్రయోగం చెయ్యకండి, వాల్‌నట్ ఆ రంగు తాగేస్తుంది. ఖాళీ చోట్ల 80 నంబరు ఉప్పుకాగితంతో పాలిష్ పోయేదాకా గీకి, తడిలేని గుడ్డతో తుడవాలి. పాకెట్లో ఉన్న రెండు ముద్దలూ సమంగా తీసుకుని, రంగు ఒక్కటయ్యేదాకా పిసకాలి. చారలు మిగిలితే అక్కడ గట్టిపడదు. పల్చటి తొడుగులు వేసుకోండి, ఎపాక్సీ చర్మానికి మంచిది కాదు. పొర రెండు మిల్లీమీటర్లు దాటొద్దు. గ్రిప్పుని మళ్లీ పిస్టల్‌కి బిగించి, మెకానిజం అంతా ప్లాస్టిక్ కవర్‌తో చుట్టేసి, పుట్టీ మీద పల్చటి పాలిథిన్ పరిచి, చెయ్యి చాపి భుజం ఎత్తులో గురిపెట్టినట్టే పట్టుకోవాలి. బల్ల మీద మోచెయ్యి ఆనించి పట్టుకుంటే అచ్చు పడుతుంది గానీ, అది నిలబడి కాల్చే చేతి అచ్చు కాదు. ఒక్క నిమిషం చాలు. బయటికి పొంగిన పుట్టీని తీసేసి, మర్నాటి దాకా ముట్టుకోకుండా ఉంచి, 120 నంబరుతో సాపు చెయ్యండి. అంతకన్నా నున్నగా చేస్తే చెమటకి జారుతుంది. జారకుండా గ్రిప్పు మీద ఉండే చుక్కల గరుకు అరిగిపోతే, మొన సానబెట్టిన మేకుతో చిన్న సుత్తి పెట్టి కొట్టుకుంటూ తిరిగి తెచ్చుకోవచ్చు. చుక్కలు వరసలో పెట్టాలని చూస్తే చెక్క పగులుతుంది, చెల్లాచెదురుగా పెట్టండి.

పుట్టీ వేశాక కొలతలు చూసుకోవాలి. ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమం ప్రకారం పిస్టల్ మొత్తం 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి, బరువు 1500 గ్రాములు దాటకూడదు. గ్రిప్పు పెంచుకునేవాళ్లని దెబ్బతీసేది ఆ 50. బొటనవేలి పలకా, పామ్ రెస్టూ కలిసి వెడల్పు తినేస్తాయి. ప్లైవుడ్ పని చేసే మేస్త్రి చేత లోపలి కొలతలు అవే వచ్చేలా ఒక పెట్టె చేయించుకుంటే మ్యాచ్ రోజు గాభరా ఉండదు. పామ్ రెస్ట్ గ్రిప్పుకి 90 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో ఉండకూడదు, దాని అంచు పైకి వంగి చేతిని పట్టెయ్యకూడదు. బొటనవేలు పైకి లేవడానికి అడ్డం ఉండకూడదు. గ్రిప్పు చేతిని చుట్టెయ్యకూడదు, మణికట్టుకి తగలకూడదు. పుట్టీతో అంచు కాస్త పైకి లేపి ‘ఇప్పుడు భలే కుదిరింది’ అనుకునేవాళ్లు తనిఖీ బల్ల దగ్గర దొరికిపోతారు.

త్రీడీ ప్రింటు గ్రిప్పులకి ఒక మంచి గుణం ఉంది, రెండోది మళ్లీ అదే కొలతతో వస్తుంది. ఆర్డరిచ్చే ముందు ‘ఏ ప్లాస్టిక్’ అని అడగండి. పీఎల్ఏ అంటే వద్దనండి. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో రాజమండ్రి ఎండలో అద్దాలు మూసిన కారులో పిస్టల్ పెట్టెని వదిలితే ఆ వేడి కష్టమేమీ కాదు. పైగా స్క్రూ బిగించిన చోట పీఎల్ఏ నెమ్మదిగా నలిగి, వారం వారం వదులవుతుంది. పీఈటీజీ గానీ, నైలాన్ గానీ అడగండి. లోపల మరీ బోలుగా ప్రింట్ చేస్తే గ్రిప్పు తేలికై బరువు ముందుకి పోతుంది, మూతి దిగుతున్నట్టుంటుంది.

వడ్రంగి విషయం. మన వైపు మేస్త్రుల చేతి పనికి వంక పెట్టలేం. కానీ గ్రిప్పులో కష్టం బయటి వంపుల్లో లేదు, లోపలి గూట్లో ఉంది. పిస్టల్ ఫ్రేము ఆ గూట్లో కదలకుండా కూర్చోవాలి. కాగితం మందం ఆట ఉన్నా చెయ్యి ఒక చోట, సైట్లు ఒక చోట అవుతాయి. పైగా చేతికి దొరికేది టేకు. దానిలో సహజంగా ఉండే నూనె వల్ల పుట్టీ సరిగ్గా పట్టదు, పల్చని అంచులు నార వెంట చీలతాయి. అందుకని ఉన్న గ్రిప్పుని అరగదియ్యడానికి మాత్రం మేస్త్రి దగ్గరికి వెళ్లండి. పెన్సిల్‌తో గీతలు గీసి, ‘మేస్త్రి గారూ, ఈ గీత దాకానే అండి, ఆకురాయితోనే, ఉలి వద్దు’ అని చెప్పి పక్కనే కూర్చోండి. పక్కనుండకపోతే ఆయన అందంగా చేసి, మెలమైన్ పాలిష్ కొట్టి ఇస్తారు. మెరుస్తుంది, తడిచేత్తో పట్టుకుంటే సబ్బు బిళ్లే.

చెమట మన ప్రాంతంలో పెద్ద శత్రువు. గ్రిప్పుకి నూనె అనగానే కోనసీమలో చెయ్యి కొబ్బరినూనె సీసా మీదకి వెళ్తుంది. అది వద్దు, ఎన్నాళ్లున్నా ఆరదు, జిడ్డుగానే ఉండి పుట్టీ అంచుల్ని లేపుతుంది. పెయింట్ల షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ (అవిసె) నూనె ఆరే రకం. గుడ్డతో రెండు చుక్కలు రుద్ది, పావుగంటకి మిగిలింది తుడిచేసి, రెండు రోజులు ఆరనివ్వాలి. ఏడాదికి రెండుసార్లు, ఒకటి వానలకి ముందు, చాలు. వానాకాలంలో చెక్క ఉబ్బి ఫ్రేము మీద బిగుసుకుంటే సుత్తితో కొట్టకండి, రెండు రోజులు సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెడితే వస్తుంది. ఏసీ రేంజ్‌కి వెళ్తే ఎండి కుంచించుకుని స్క్రూ వదులవుతుంది కాబట్టి మ్యాచ్‌కి ముందు ఒకసారి తిప్పి చూడండి. చెమట తడితో పిస్టల్‌ని స్పాంజి పెట్టెలో మూసేస్తే గ్రిప్పు కింద తుప్పు మొదలవుతుంది. లోహానికి మాత్రమే పల్చగా నూనె రాయండి.

లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆరేటప్పుడు దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు. దండెం మీద విప్పి ఆరేసి, గట్టిపడ్డాకే పారేయండి.